ఆపదలో ఉన్న ఓడకు సరుకు పంపితే బాకీ ఎలా రాబట్టుకోవాలి

మాది కాకినాడ జగన్నాథపురం. ఉప్పుటేరు గట్టున నాన్న రెండు లాంచీలతో మొదలుపెట్టిన వ్యాపారాన్ని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. యాంకరేజ్‌లో ఆగిన ఓడలకు మంచినీళ్లు, బియ్యం, కూరలు, మాంసం, మందులు, తాళ్లు చేరవేస్తాం. ఓడ మనుషుల్ని ఒడ్డుకు తెచ్చి, మళ్లీ దిగబెడతాం.

2016 అక్టోబరులో ఒక ఓడ జనరేటర్లు చెడిపోయి హోప్ ఐలాండ్ అవతల పదిహేడు రోజులు నిలిచిపోయింది. ఫ్రీజర్లు ఆగి మాంసం కుళ్లింది. ట్యాంకుల్లో నీళ్లు అడుగంటాయి. రేవులో ఆ ఓడ పనులు చూసే ఏజెంటు నాన్నకు ఫోన్ చేసి, "పంపించండి గురువుగారూ, బిల్లు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. నాన్న పంపారు. పద్నాలుగు ట్రిప్పులు, రూ. 7,80,000 బిల్లు. రిపేరు పూర్తయిన రాత్రే ఓడ లంగరెత్తి వెళ్లిపోయింది. ఏజెంటును అడిగితే ఓనరు డబ్బు పంపలేదు, నేను మధ్యలో మనిషిని అన్నాడు. ఓనరు కంపెనీకి మెయిల్ పెడితే, సరుకు చెప్పింది ఓడను అద్దెకు తీసుకున్న చార్టరర్, వాళ్లనే అడగండి అని ఒక్క లైను రాశారు. చార్టరర్ నుంచి జవాబే లేదు. మా దగ్గర మిగిలినవి పద్నాలుగు డెలివరీ చీటీలు. అందులో తొమ్మిదింటి మీద వంటవాడి సంతకం మాత్రమే ఉంది, ఓడ ముద్ర లేదు. డీజిల్ బంకు బాకీ తీర్చడానికి ఆ ఏడాది అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం.

ఆ చీటీలన్నీ పట్టుకుని లాయరు గారి దగ్గర కూర్చున్న రోజు నుంచి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కాకినాడ, విశాఖ, గంగవరం, కృష్ణపట్నం, ఎక్కడైనా ఓడలకు లాంచీలు, నీళ్లు, సరుకులు, చిన్న రిపేర్లు చేసేవాళ్ల కోసం ఇది. పెద్ద కంపెనీలకు లీగల్ డిపార్ట్‌మెంట్లు ఉంటాయి. మనకు ఉండవు. మీ కేసుకు లాయరు తప్పనిసరి, కానీ లాయరు దగ్గరకు వెళ్లేసరికి చేతిలో ఏ కాగితం ఉందన్నదే సగం కేసు.

ఫోన్ వచ్చిన మొదటి గంటలో

ఆపద అంటే టెన్షన్. అవతల ఓడలో ఇరవై మంది తాగే నీళ్లు లేకుండా ఉంటే కాగితాలు అడగడానికి నోరు రాదు. నాకూ రాదు. అందుకే నేను రెండూ ఒకేసారి చేస్తాను. లాంచీకి సరుకు ఎక్కుతుండగానే మెయిల్ తెప్పించుకుంటాను. మొదటి ట్రిప్పు నీళ్లూ అన్నమూ ఎవరికోసమూ ఆపను. రెండో ట్రిప్పుకు మాత్రం కాగితం ఉండాల్సిందే.

ఆ మెయిల్ కెప్టెన్ నుంచి, ఓడ సొంత ఐడీ నుంచి రావాలి. ఏ సరుకు, ఎంత, ఎవరి ఖాతాకు అన్నది అందులో ఉండాలి. "ఓనర్ల తరఫున, ఓడ అవసరానికి" అన్న మాట తప్పకుండా రాయించండి. ఏజెంటు వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌తో సరిపెట్టుకోకండి.

తర్వాత ఓడ ఐఎంఓ నంబర్ తీసుకోండి. ఏడు అంకెలు. పేరు మారినా, జెండా మారినా, ఓనరు మారినా ఆ నంబర్ మారదు. ఈక్వాసిస్ అనే సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి ఆ నంబర్ కొడితే రిజిస్టర్డ్ ఓనరు ఎవరు, మేనేజరు ఎవరు, ఓడ ఏ పీ అండ్ ఐ క్లబ్‌లో ఉందో చూడొచ్చు. క్లబ్ అంటే ఓడ ఓనర్లంతా కలిసి నడుపుకునే ఇన్సూరెన్స్ సంఘం. ఆ పేజీని అదే రోజు సేవ్ చేసుకోండి. నెల తర్వాత చూస్తే ఓనరు పేరు వేరే ఉండొచ్చు.

చార్టరర్ సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. మమ్మల్ని ముంచింది అదే. టైమ్ చార్టర్ అంటే డ్రైవర్‌తో సహా కారు అద్దెకు తీసుకున్నట్టు. సిబ్బంది ఓనరు మనుషులే, ఆయిలు మాత్రం అద్దెకు తీసుకున్నవాడు పోయిస్తాడు. బేర్‌బోట్ చార్టర్ అంటే తాళం చెవి చేతికిచ్చినట్టు. సిబ్బందిని కూడా తీసుకున్నవాడే పెట్టుకుంటాడు. మన చట్టం ప్రకారం బాకీ పడ్డది ఓనరు గానీ బేర్‌బోట్ చార్టరర్ గానీ అయితేనే ఆ బాకీకి ఓడను ఆపించగలం. ఓడను ఆపేరోజున కూడా ఆ ఓడ వాళ్ల చేతిలోనే ఉండాలి. టైమ్ చార్టరర్ సొంత ఖాతాకు ఆర్డరిస్తే మీ బిల్లు ఆ చార్టరర్ మీదే నిలుస్తుంది, ఓడ మీదికి రాదు. కాబట్టి బిల్లు మీద ఏజెంటు పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. "మాస్టర్ అండ్ ఓనర్స్ ఆఫ్ ఎం.వి. ఫలానా" అని ఓడ పేరు, ఐఎంఓ నంబర్‌తో రాయండి.

చీటీ మీద సంతకం కెప్టెన్ పెట్టాలి, లేదా సరుకును బట్టి చీఫ్ ఇంజనీరు, చీఫ్ ఆఫీసరు. కింద పేరు, హోదా, తేదీ, టైము, ఓడ ముద్ర ఉండాలి. కొన్ని ఓడల్లో, ముఖ్యంగా ఆయిలు పోసేటప్పుడు, చీటీ మీద ఇంకో ముద్ర కూడా కొడతారు. చార్టరర్ ఖాతాకే, ఓడ మీద హక్కు లేదు అన్న అర్థం వచ్చే ముద్ర అది. మన వాళ్లు దాన్ని 'నో లీన్ స్టాంపు' అంటారు. అది కనిపిస్తే అక్కడికక్కడే ఫొటో తీసి, మాకిది సమ్మతం కాదు అని కెప్టెన్‌కు మెయిల్ పెట్టండి. తర్వాతి ట్రిప్పు డబ్బు ముందే అడగండి.

ఇక ఏజెంటు. "నేను ఏజెంటునే" అన్న మాటతో మా నాన్న ఊరుకున్నారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 230వ సెక్షన్ ఉంది. మామూలుగా ఏజెంటుకు సొంతంగా బాధ్యత ఉండదు. కానీ విదేశంలో ఉండే వ్యాపారి కోసం ఏజెంటు సరుకు కొన్నప్పుడు, లేదా అసలు ఎవరి తరఫున కొంటున్నాడో చెప్పనప్పుడు, ఏజెంటే బాధ్యుడని ముందు అనుకోవాలని ఆ సెక్షన్ చెబుతుంది. అది తప్పని చూపించుకోవాల్సింది ఆయన. ఇది తెలిసి ఉంటే 2016లో మేం ఆ తలుపు ఇంకొంచెం గట్టిగా తట్టేవాళ్లం. "ఓన్లీ యాజ్ ఏజెంట్స్" అని ప్రతి మెయిల్ కింద రాసే ఏజెంటు తెలిసే రాస్తాడని గుర్తుంచుకోండి.

వరుసలో మన చోటు

పాత రోజుల్లో ఇండియాలో ఓడల కేసులు 1861, 1890 నాటి ఇంగ్లిషు చట్టాల మీద నడిచేవి. విదేశీ ఓడల మీద మన హైకోర్టులకు ఎంత అధికారం ఉందన్న ప్రశ్నను తేల్చిన పెద్ద కేసు మన విశాఖ రేవులోనే పుట్టింది. గోవా నుంచి సరుకు తీసుకెళ్లిన ఎం.వి. ఎలిజబెత్ అనే ఓడను 1984లో విశాఖలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆర్డరుతో ఆపారు. విదేశీ ఓనరు మీకు అధికారం లేదని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. అధికారం ఉందని సుప్రీంకోర్టు 1992లో తీర్పిచ్చింది. ఈ రోజు కాకినాడలో ఒక కూరగాయల బిల్లు పట్టుకుని విదేశీ ఓడను ఆపమని అడగగలుగుతున్నామంటే ఆ తీర్పు పుణ్యం కూడా ఉంది. మన పక్క రేవులో జరిగిన విషయం, మన పిల్లలకు తెలియాలి.

ఇప్పుడున్నది ఓడల కేసుల కోసం తెచ్చిన 2017 అడ్మిరాల్టీ చట్టం. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పాత చట్టాల్ని తీసేసింది. కేసు జిల్లా కోర్టులో కాదు, హైకోర్టులోనే వేయాలి. మనకిప్పుడు అది అమరావతిలో. ఓడకు ఇచ్చిన సరుకులు, సేవలు, రిపేర్లు, టోయింగ్ (ఓడను లాగడం), పైలటేజ్ (రేవులోకి దారి చూపడం), రేవు రుసుములు, సాల్వేజ్ (ఆపదలో ఉన్న ఓడను కాపాడటం), ఏజెంటు ఖర్చులు, సిబ్బంది జీతాలు, అన్నీ ఇందులో 'మారిటైమ్ క్లెయిమ్'లే. అంటే ఓడను ఆపమని అడిగే హక్కు మనకుంది.

కానీ ఆపే హక్కు వేరు, డబ్బు వచ్చే వరుస వేరు. ఓడను వేలం వేస్తే ఎవరికి ముందు అన్నది చట్టంలోనే రాసి ఉంది. ముందు వరుస లీన్, అంటే ఓడనే అంటిపెట్టుకుని ఉండే హక్కు, ఉన్నవాళ్లది. అందులోనూ మెట్లున్నాయి. మొదట సిబ్బంది జీతాలు, తర్వాత ప్రాణనష్టం, గాయాలు, ఆ తర్వాత సాల్వేజ్, ఆ తర్వాత రేవు రుసుములు, పైలటేజ్, చివర ఓడ వల్ల జరిగిన ఇతర నష్టాలు. రెండో వరుస ఓడను తాకట్టు పెట్టుకున్న బ్యాంకుది. మిగతా అందరూ మూడో వరుస. లాంచీ అద్దె, బియ్యం, మంచినీళ్లు, వెల్డింగ్ పని అక్కడే ఉంటాయి. ఒకే రాత్రి ఒకే ఓడకు రేవు పైలటు బోటూ వెళ్తుంది, మా లాంచీ వెళ్తుంది. రేవు బిల్లు పై వరుసలో కూర్చుంటుంది, మాది కింద. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

లెక్క వేసి చూపిస్తాను, ఉదాహరణకే. ఓడ వేలంలో పది కోట్లు పలికిందనుకోండి. కోర్టు అదుపులో ఉన్నప్పటి ఖర్చు 60 లక్షలు, జీతాలు కోటిన్నర, సాల్వేజ్ కోటి, రేవుకు 80 లక్షలు. మొత్తం 3 కోట్ల 90 లక్షలు పోయాయి. మిగిలింది 6 కోట్ల 10 లక్షలు. బ్యాంకుకు రావాల్సింది 9 కోట్లు. మనకు ఒక్క రూపాయి మిగలదు.

అందుకని నేను ముందు చూసేది ఒకటే: ఈ ఓడకు ఇంకా ప్రాణం ఉందా? రిపేరు చేయించుకుని మళ్లీ సరుకెత్తాలని ఓనరు తొందరపడుతున్నాడా? అయితే ఆపించడం పనిచేస్తుంది. ఓడ ఒక్కరోజు ఆగినా ఓనరుకు మన బిల్లు కన్నా ఎక్కువ పోతుంది. వేలం దాకా వెళ్లకుండానే కోర్టులో డబ్బు కడతాడు, బ్యాంకు గ్యారంటీ గానీ క్లబ్ రాసిచ్చే హామీ లెటర్ గానీ ఇస్తాడు. ఓనరే ఫోనెత్తడం మానేసిన ఓడ అయితే ఆపించి మనం సాధించేది తక్కువ. ఆ దారి వేరు, కింద చెబుతాను.

ఓడను ఆపించడం

హైకోర్టు ఆర్డరు మన తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకే పనిచేస్తుంది. అది దాటితే ఓడ వెళ్లిపోయినట్టే. కాబట్టి రిపేరు అయిపోవచ్చిందని ఇంజనీర్లు చెప్పిన రోజే కదలాలి. బిల్లు గడువు ముగిసేదాకా మర్యాదగా ఎదురుచూస్తే 2016లో మాకు జరిగిందే జరుగుతుంది.

లాయరుకు ఇవ్వాల్సినవి: కెప్టెన్ మెయిల్, చీటీలు, బిల్లులు, పంపిన రిమైండర్లు, ఈక్వాసిస్ పేజీ, ఓడ ఇప్పుడు ఎక్కడుందో చూపించే పేజీ, మీ జీఎస్‌టీ కాగితాలు, నోటరీ చేయించిన అధికార పత్రం. అన్నీ సరిగ్గా ఉంటే అవతలివాళ్లకు నోటీసు లేకుండానే, వేసిన రోజే ఆర్డరు వచ్చే అవకాశం ఉంది. ఆ ఆర్డరును రేవు వాళ్లకు, కస్టమ్స్‌కు అందించి, ఓడకు అంటించాలి. కస్టమ్స్ అనుమతి లేకుండా ఓడ కదలడానికి లేదు.

భయపడాల్సింది ఒకటుంది. అన్యాయంగా ఆపించారని తేలితే నష్టపరిహారం కడతామని మన దగ్గర కోర్టు హామీ రాయించుకోవచ్చు. బిల్లులో ఒక్క ట్రిప్పు కూడా ఎక్కువ చూపించకండి. నిజమైన ఏడు లక్షలకు తోడు లేని యాభై వేలు కలిపితే ఆ ఏడు లక్షల మాట కూడా ఎవరూ నమ్మరు.

కోర్టు ఖర్చు చిన్న బిల్లుకు భారమే. లాయరు గారు మాకు ఇంకో మెట్టు చూపించారు. 2022లో స్టీరింగ్ చెడిన ఒక ఓడకు తొమ్మిది రోజులు లాంచీ నడిపాం. ఈసారి ప్రతి చీటీ మీదా ముద్ర ఉంది. బిల్లు నాలుగు లక్షల పైన. కోర్టుకు వెళ్లకముందే ఓనరుకు, మేనేజరుకు, క్లబ్‌కు కలిపి ఒకే మెయిల్ వెళ్లింది. 48 గంటల్లో డబ్బు గానీ గ్యారంటీ గానీ రాకపోతే హైకోర్టుకు వెళ్తాం అని రాసి, కాగితాలన్నీ జతచేశారు. రెండో రోజు సాయంత్రానికి బ్యాంకులో డబ్బు పడింది.

ఓడ వెళ్లిపోయాక కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. అదే ఓనరుకు చెందిన ఇంకో ఓడ మన నీళ్లలోకి వస్తే దాన్ని ఆపమని అడగొచ్చు. 2025 మేలో ఎం.ఎస్.సి. ఎల్సా 3 కేరళ తీరం దగ్గర మునిగినప్పుడు, నష్టపరిహారం కోసం ఆ ప్రభుత్వం హైకోర్టులో రూ. 9,531 కోట్లకు కేసు వేసి, విళింజంలో ఉన్న ఎం.ఎస్.సి. అకిటెటా 2 అనే వేరే ఓడను ఆపించింది. మనది చిన్న బాకీ అయినా సూత్రం అదే. ఓనరు పేరును ఫోన్‌లో నోట్ చేసుకుని, యాంకరేజ్‌కు వచ్చే ఓడల జాబితా చూసిన ప్రతిసారీ ఒక కన్ను వేయండి.

ఓనరు వదిలేసిన ఓడ

ఇది రాయడం కష్టం, ఎందుకంటే అక్కడ మనుషులుంటారు. రెండు నెలలుగా జీతాలు లేవు, ఆయిలు లేదు, ఇంటికి పంపే దిక్కు లేదు. లాంచీ నడిపే మా సరంగు బాబాయి ఒకసారి ఒడ్డుకొచ్చి, "అమ్మాయిగారూ, వాళ్లు వాన నీళ్లు పట్టుకుని తాగుతున్నారండీ" అని ఏడ్చారు.

అలాంటప్పుడు ఓడెక్కి మెస్ రూమ్ దగ్గర నోటీసు బోర్డు చూడండి. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే నావికుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సిబ్బందిని వదిలేస్తే ఆదుకోవడానికి ఓనరు ముందే ఇన్సూరెన్స్ లాంటి హామీ పెట్టి ఉండాలి. 2017 జనవరి నుంచి ఇది అమల్లో ఉంది. ఆ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేలా అంటించాలి. హామీ ఇచ్చిన సంస్థ పేరు, ఫోను, మెయిల్ అందులోనే ఉంటాయి. తిండి, తాగునీళ్లు, ఓడలో బతకడానికి కావలసిన ఆయిలు, వైద్యం, ఇంటికి ప్రయాణం, నాలుగు నెలల వరకు జీతం బాకీ ఆ హామీ కిందికి వస్తాయి. జీతం రెండు నెలలు ఆపినా, తిండి నీళ్లు లేకుండా వదిలినా అది వదిలేయడం కిందికే వస్తుంది.

సాయం అడగాల్సింది మనం కాదు, సిబ్బంది. వాళ్ల చేత ఆ సంస్థకు మెయిల్ పెట్టించండి. కాపీ విశాఖలోని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌కు, ఓడ ఏ దేశం జెండాతో తిరుగుతుందో ఆ దేశానికి, ఐటీఎఫ్ అనే నావికుల సంఘానికి వెళ్లాలి. దాంతో పాటే మనం ఆ సంస్థకు నేరుగా కొటేషన్ పంపాలి: ఇరవై మందికి రోజుకు ఇంత నీళ్లు, ఇంత తిండి, లాంచీ ఇంత. సరే అని వాళ్లు రాస్తే అక్కడి నుంచి మన బిల్లు ఆ సంస్థకు వెళ్తుంది, దివాళా తీసిన ఓనరుకు కాదు. మూడో వరుసలో నిలబడాల్సిన పని తప్పుతుంది. సిబ్బంది కడుపు కూడా నిండుతుంది.

ఆ ఓడ అప్పటికే కోర్టు ఆర్డరు కింద ఆగి ఉంటే ఇంకొకటి తెలుసుకోండి. కోర్టు అనుమతితో పంపిన నీళ్లు, తిండి, ఆయిలు, కాపలా కోర్టు అదుపు ఖర్చుల్లోకి వెళ్తాయి. వేలం డబ్బులో అందరికన్నా ముందు తీసేది ఆ ఖర్చే. అనుమతి లేకుండా జాలిపడి పంపితే అదే సరుకు మళ్లీ కింది వరుసకు పడిపోతుంది. ఆపించినవాళ్ల లాయరుకు ఫోన్ చేసి, ముందు కోర్టులో ఒక చిన్న పిటిషన్ వేయించండి. ఈ ఒక్క ముక్క తెలియక నష్టపోయినవాళ్లను నేను చూశాను.

లాగినప్పుడు, కాపాడినప్పుడు

టగ్గు, అంటే ఓడల్ని లాగే బోటు, ఉన్నవాళ్లకు ఇది. మామూలుగా ఒప్పుకున్న రేటుకు లాగితే అది టోయింగ్, మూడో వరుస. ఓడ నిజంగా ప్రమాదంలో ఉండి, మీ మీద ముందే ఆ బాధ్యత లేకుండా, మీరు వెళ్లి కాపాడి ఫలితం సాధిస్తే అది సాల్వేజ్, పై వరుస. 1989 సాల్వేజ్ కన్వెన్షన్‌లో ఇండియా కూడా ఉంది. ఓడ దక్కితేనే ప్రతిఫలం, దక్కిన ఆస్తి విలువకు మించి రాదు. ఓడ దక్కకపోయినా సముద్రంలో ఆయిలు కలవకుండా ఆపడానికి చేసిన పనికి ప్రత్యేక పరిహారం అడిగే వీలుంది. ఎంతన్నది ఓడ విలువ, ప్రమాదం తీవ్రత, మీరు చూపిన నేర్పు, పెట్టిన ఖర్చు చూసి తేలుస్తారు. కాబట్టి ఆ రాత్రి లాగ్‌బుక్‌లో గాలి, అలల ఎత్తు, ఎన్ని గంటలకు తాడు కట్టారు, వీహెచ్ఎఫ్ రేడియోలో కెప్టెన్ ఏమన్నాడు, అన్నీ రాయించండి. ఫోన్‌తో వీడియో తీయించండి. 2020 అక్టోబరులో 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ, వాయుగుండం దెబ్బకు లంగరు నిలవక విశాఖ తెన్నేటి పార్క్ రాళ్ల దాకా కొట్టుకొచ్చింది. లంగరు జారిన ఓడకు ఎంత తక్కువ టైము ఉంటుందో ఆ తీరం చూసినవాళ్లకు తెలుసు.

కాపాడిన మనుషుల దగ్గర మాత్రం పైసా అడగకూడదు. కన్వెన్షన్ అలాగే చెబుతుంది, మన గంగపుత్రుల ఆచారమూ అదే.

తేదీలు కూడా ముఖ్యం. పై వరుసలోని లీన్లకు ఏడాది ఆయుష్షు, జీతాలకైతే రెండేళ్లు. ఆలోపు ఓడను ఆపించి, అది వేలం దాకా నడవాలి. సాల్వేజ్ కేసుకు కన్వెన్షన్ ఇచ్చిన గడువు రెండేళ్లు. మన సరుకు బిల్లులకు మామూలు మూడేళ్లు.

మా రెండు లాంచీల్లోనూ ఇప్పుడు ఒక నీలం ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, నీళ్లు చొరబడకుండా. అందులో మూడు కాపీల చీటీ పుస్తకం, స్టాంప్ ప్యాడ్, రెండు పెన్నులు, కెప్టెన్‌కు చూపించడానికి ఇంగ్లిషులో అచ్చువేసిన ఒక కాగితం. కొందరి దగ్గర ప్యాడ్ ఎండిపోయి ఉంటుందని మాది మేమే తీసుకెళ్తాం. రెండో ట్రిప్పు నుంచి ముద్ర పడ్డాకే సరంగు బాబాయి నీళ్ల పైపు విప్పుతారు. ఓడలో ఎవరైనా జబ్బుపడితే మాత్రం ముందు మనిషిని దించి, తర్వాత డబ్బా తెరుస్తారు.